మా బావ పరిశీలించిన కంప్యూటర్

మా బావ జీవితంలో సొంతంగా తీసుకున్న నిర్ణయం మా అక్కను పెళ్లి చేసుకోవడం ఒక్కటేనని చాలాకాలం అనుకునేవాణ్ని. అదీ వాళ్ల నాన్న తీసుకున్నదేనని తర్వాత తెలిసింది.

ఆయన ఊరి నీటి సరఫరా ఆఫీసులో సూపరింటెండెంటు. ఏ కాగితం బల్లమీదికి వచ్చినా మూలన ‘పరిశీలనలో ఉంది’ అని రాసి పక్కన పెట్టేవాడు. పగిలిన గొట్టం గురించి వచ్చిన అర్జీమీదా అదే రాసేవాడు, ఆ గొట్టంలోంచి నీళ్లు వీధంతా పారుతున్నా సరే. ఆఫీసులో అందరూ ఆయన్ని వెనకాల ‘పరిశీలన గారు’ అనేవారు. ఆ సంగతి ఆయనకు తెలుసు. పైగా అది గౌరవమే అనుకునేవాడు.

అలాంటి మనిషి ఇంట్లో మా అక్క ఎంబ్రాయిడరీ డిజైన్లు చేసేది. స్కూలు బ్యాడ్జీలు, ఆస్పత్రి సిబ్బంది కోట్లమీద ఉండే గుర్తులు, హోటల్ వాళ్ల చొక్కాల జేబులమీది పేర్లు, ఇలాంటివన్నీ ముందు కంప్యూటర్‌లో కుట్లుగా మారాలి. ఏ దారం ముందు పోవాలి, ఏ కుట్టు ఎటు వాలాలి, గుడ్డ ముడుచుకుపోకుండా ఎక్కడ పలచన చెయ్యాలి, అవన్నీ తెరమీద ఒక్కొక్కటే గీయాలి. గీసిన ఫైలును యూనిఫారాల కంపెనీ సైటులోకి పంపిస్తే అక్కడి పెద్ద మిషన్లు దాన్ని వందలకొద్దీ కుట్టేస్తాయి. నమూనా చూసుకోవడానికి అక్క దగ్గర ఒక చిన్న మిషన్ ఉండేది. అది, కంప్యూటరు, కుర్చీ, దారపు కండెలు పెట్టుకునే అరలు, అన్నీ హాలులో కిటికీ పక్కనే. ఆ ఇల్లు నడిచేది ఆ కిటికీ దగ్గరి పనివల్ల. ఆ ఇంట్లో మాటలు నడిచేది మాత్రం సోఫా దగ్గర, మా బావ నోటివల్ల.

ఒకరోజు కంప్యూటర్ తెరమీద నీలం రంగు పెట్టె ఒకటి వచ్చి కూర్చుంది. ఈ ఆపరేటింగ్ సిస్టమ్ పాతబడింది, ఇకమీద దీనికి రక్షణ అప్‌డేట్లు రావు, కొత్తదానికి మారండి అని దాని సారాంశం. అక్క దాన్ని చదివి బావను పిలిచింది. అదే ఆమె చేసిన పొరపాటు.

బావ కళ్లద్దాలు నుదుటిమీదికి తోసి తెరవైపు చాలాసేపు చూశాడు. నేను కళ్లద్దాల దుకాణం నడుపుతాను గనుక చెబుతున్నాను, అద్దాలు నుదుటిమీద ఉంటే ఆయనకు ఒక్క అక్షరమూ కనపడదు.

“చూద్దాం,” అన్నాడు. “తొందరపడకూడదు. ఇలాంటివి పరిశీలించాలి.”

పరిశీలన మొదలైంది. ఫోనులో వీడియోలు చూడటమే పరిశీలన. ఒక వీడియోలో ఎవడో మారమని గొంతు చించుకుంటే మధ్యాహ్నందాకా మారాలనేవాడు. సాయంత్రం ఇంకొకడు మారితే కొంప మునుగుతుందంటే మారకూడదనేవాడు. నేను ఎప్పుడు వెళ్లినా సోఫాలో వెనక్కి వాలి నాకు పాఠం చెప్పేవాడు.

“ఒరేయ్, కొత్తది కాచుకుని కూచుంటుందిరా. మనం ఏం టైపు చేస్తున్నామో అంతా పైకి చేరవేస్తుంది.”

“నువ్వేం టైపు చేస్తావు బావా? పేకాటే కదా ఆడేది?”

“అదే నీతో చిక్కు. సూత్రం అర్థం చేసుకోవు.”

సూత్రాలు ఆయనకు కుప్పలుగా ఉండేవి. పాతది పనిచేస్తున్నంతకాలం ముట్టుకోకూడదన్నది ఒక సూత్రం. కాలంతోపాటు నడవాలన్నది రెండోది. ఈ రెండింటినీ ఒకే కాఫీ తాగుతూ చెప్పగలడు. ఆఫీసులో ఆయన తెలివి అదే. ఎటువైపు మాట్లాడినా ఒక్క అడుగు కూడా ముందుకు పడదు.

ఈ నాన్చుడు సాగుతుండగానే యూనిఫారాల కంపెనీనుంచి అక్కకు కబురొచ్చింది. వచ్చే నెలనుంచి మా సైటు పాత సిస్టమ్‌లలో తెరుచుకోదు, మారని వాళ్లు ఫైళ్లు పంపలేరు అని. మారకపోతే పని పోతుంది. మారితే తను కుట్లు గీసే సాఫ్ట్‌వేరు కొత్తదానిమీద నడుస్తుందో నడవదో తెలియదు. పెళ్లయిన కొత్తలో నేర్చుకున్న సాఫ్ట్‌వేరు అది. ఇన్నేళ్ల డిజైన్లన్నీ దానిలోనే ఉన్నాయి.

“ఏమండీ, ఏదో ఒకటి తేల్చండి,” అంది.

“తేలుస్తాను. అన్ని కోణాలూ చూడొద్దూ?”

“కోణాలు చూసేలోపు వాళ్లు ఇంకొకళ్లని చూసుకుంటారు.”

“ఆడవాళ్లకి కంగారెక్కువ,” అన్నాడు బావ నావైపు తిరిగి, నేనేదో తనతో జతకలుపుతానన్నట్టు. నేను గోడ గడియారం చూశాను.

నెలాఖరు దగ్గరపడింది. కంపెనీ మేనేజరు ఫోన్ చేసి ఇంకో డిజైనరు పేరు ఎత్తాడు. ఆరోజు అక్క బావను ఏమీ అడగలేదు. కుట్ల సాఫ్ట్‌వేరు అమ్మే వాళ్ల నంబరు వెతికి పట్టుకుని వాళ్లకే నేరుగా ఫోన్ చేసింది. అవతల మాట్లాడిన అమ్మాయి నింపాదిగా చెప్పింది: మీ పాత వెర్షన్ కొత్త సిస్టమ్‌మీద నడవదు, కానీ మా కొత్త వెర్షన్ నడుస్తుంది, పాత డిజైన్లు అందులో తెరుచుకుంటాయి, ముందు అన్నిటికీ కాపీ తీసుకుని తర్వాతే మార్చండి. మా బావ వారాల తరబడి పరిశీలించినదానికి జవాబు ఒక్క ఫోన్‌కాల్‌లో దొరికింది. ప్రశ్న వేయాల్సిన చోట వేయడమనే ఆలోచన ఆయనకు ఎన్నడూ రాలేదు. వస్తే మాట్లాడేందుకు ఏం మిగులుతుంది?

ఆఫీసులో ఎవరిదో రిటైర్మెంటు సభ ఉందని బావ ఇస్త్రీ చొక్కా వేసుకుని పొద్దున్నే బయల్దేరాడు. ఆయన మెట్లు దిగాడో లేదో అక్క నాకు ఫోన్ చేసింది.

“తమ్ముడూ, ఒకసారి వచ్చి నా పక్కన కూచోరా.”

“నాకేం తెలుసక్కా ఈ కంప్యూటర్ల సంగతి?”

“నీకేం తెలియక్కర్లేదు. ఊరికే కూచో.”

దుకాణం పనివాడికి అప్పగించి వెళ్లాను. అక్క అప్పటికే డిజైన్లన్నీ బయటి డిస్కులోకి ఎక్కించేసింది. ఎక్కాయో లేదోనని నాలుగైదు తెరిచి చూసి, నమ్మకం కుదరక మళ్లీ ఇంకో నాలుగు తెరిచింది. చివరికి మౌసు మీద చెయ్యిపెట్టి, నొక్కకుండా అలాగే ఉండిపోయింది.

“పోతే?” అంది.

“పోవు. కాపీ ఉంది కదా?”

“ఉంది. అయినా భయంగానే ఉంది.”

అని నొక్కేసింది.

తెరమీద అంకెలు నింపాదిగా పెరిగాయి. మధ్యలో ఒకచోట ఆగి చాలాసేపు కదలలేదు. అక్క టీ పెట్టింది, తాగలేదు. కండెలు రంగులవారీగా సర్దింది, సర్దినవి మళ్లీ తీసి సర్దింది. కంప్యూటరు తనంతట తనే ఆగి, వెలిగి, మళ్లీ ఆగింది. మధ్యాహ్నానికి కొత్త తెర వచ్చింది. అక్క కుట్ల సాఫ్ట్‌వేరు కొత్త వెర్షన్ ఎక్కించి పాత డిజైను ఒకటి తెరిచింది. ఒక స్కూలు బ్యాడ్జీ, నెమలి బొమ్మది. కుట్లన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. దాన్ని చిన్న మిషన్‌కు పంపి బటన్ నొక్కింది. సూది టకటకా కదలడం మొదలుపెట్టేసరికి అక్క కుర్చీలో వెనక్కి వాలి నవ్వింది. మా అక్క అలా నవ్వడం చూసి చాలాకాలమైంది.

తర్వాత చేసిన పని ఒకటుంది. తెరమీద వెనకగా కనిపించే బొమ్మ పాతదే పెట్టింది. గుర్తులన్నీ పాత చోటే ఉంచింది. పేకాట గుర్తు ముఖ్యంగా. “ఆయనకి అలవాటు కదా,” అంది. దాచాలనుకుందో, సర్దుబాటు చెయ్యాలనుకుందో నేను అడగలేదు.

సాయంత్రం బావ వచ్చాడు. పేకాటకు కూర్చున్నాడు. కింద ఎడమవైపు ఉండే స్టార్ట్ బటన్ మధ్యలోకి జరిగి ఉంది.

“ఇదేంటి, ఇటొచ్చింది?”

“నేనే జరిపానండి,” అంది అక్క.

“అలాంటివి నన్నడిగి చెయ్యాలి,” అని పేక ముక్కలు తిప్పడంలో పడిపోయాడు.

అంతే. ఆ మనిషికి అంతకుమించి ఏమీ తెలియలేదు. రోజులు గడిచాయి. మా బావ కొత్త సిస్టమ్ ముందు కూర్చుని, కొత్త సిస్టమ్ ఎంత ప్రమాదమో వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు. తెరమీద వేలు పెట్టి, “పాతదే! చూడండి ఎంత చురుగ్గా ఉందో! నేను గట్టిగా నిలబడ్డాను కాబట్టి సరిపోయింది,” అనేవాడు. నేను టీ కప్పు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చునేవాణ్ని. అక్క ముఖంలో ఏ కదలికా ఉండేది కాదు.

ఒక ఆదివారం పొద్దున ఆయన ఆఫీసు టైపిస్టు ఏదో పనిమీద ఇంటికొచ్చాడు. నెమ్మదస్తుడు. బావ అతన్నీ కంప్యూటర్ ముందుకు లాక్కెళ్లి అదే కథ మొదలుపెట్టాడు. టైపిస్టు వంగి తెర చూశాడు.

“సార్, ఇది కొత్తదే కదండీ?”

“ఏది?”

“ఇదేనండీ. మా ఇంట్లోనూ ఇదే ఎక్కించాం. బటన్ మధ్యలోకి వచ్చింది చూడండి.”

బావ ముఖం ముందు పాలిపోయింది, తర్వాత ఎర్రబడింది. కళ్లద్దాలు నుదుటిమీదినుంచి కిందికి దింపుకున్నాడు. నేను చూస్తుండగా ఆ ఇంట్లో ఆయన అద్దాలు పెట్టుకుని తెర చూడటం అదే మొదటిసారి. ఆ తర్వాత ఒక్కసారిగా పెద్దగా నవ్వేశాడు.

“పట్టేశావే! నీకు తెలుస్తుందో లేదో చూద్దామని అన్నానయ్యా. నేనే ఎక్కించాను. పూర్తిగా పరిశీలించాకే, ఆఁ!”

టీ పళ్లెం పట్టుకుని అక్క గుమ్మంలో నిలబడి ఉంది. ఆయన కళ్లు ఒక్క క్షణం ఆమెవైపు తిరిగాయి. ఆ చూపులో సిగ్గు లేదు, బతిమాలుకోవడమూ లేదు. నోరు మూసుకొమ్మనే హుకుం మాత్రం ఉంది. అక్క టీ ఇచ్చి లోపలికి వెళ్లిపోయింది.

తర్వాత వంటింట్లో అడిగాను. “ఎందుకు ఊరుకున్నావక్కా?”

“ఏం చెయ్యమంటావురా? అనుకోనీ. నా పని నాకు సాగుతోంది, చాలు.”

ఆ రోజునుంచి బావ మనిషే మారిపోయాడు. ఒకప్పుడు మారకూడదని ఎంత గొంతు చించుకున్నాడో, ఇప్పుడు మారాలని అంతకు రెట్టింపు చించుకున్నాడు. వీధిలో ఎవరు కనిపించినా నిలబెట్టేవాడు. “ఇంకా పాతదేనా మీ ఇంట్లో? అయ్యో! నేనైతే అవలీలగా ఎక్కించేశాను.” కాలర్ సర్దుకుంటూ తిరిగేవాడు. చాలామంది తలూపి తప్పించుకునేవారు. తప్పించుకోలేకపోయింది ఒక్కరే, పక్కింటి బ్యాండు మాస్టారు.

ఆయన ఎన్నో ఏళ్లు ఊరేగింపుల్లో బ్యాండు నడిపిన మనిషి. క్లారినెట్టు వాయించేవారు. ఊపిరి బలం తగ్గాక ఊరేగింపులు మానేసి, తన మనసులో ఉన్న బాణీలన్నీ స్వరాలుగా కంప్యూటర్‌లో రాసి పెట్టుకుంటూ ఉండేవారు. ఆ కంప్యూటరు ముసలిది, ఆయనలాగే నెమ్మదిగా లేచేది. ఇంటర్నెట్టు లేదు. ఎవరికీ పంపేది లేదు. ఒక బాణీ పోయిన భార్య మీద, ఒకటి తాళాలు కొట్టిన పాత స్నేహితుడి మీద, ఒకటి తను పుట్టిన వీధిమీద. పొద్దున్నే కిటికీ తెరిచి ఒక్కో ముక్క కంప్యూటర్‌లో వినిపించుకుంటుంటే మా అక్క ఈ గోడకివతల కుట్లు గీస్తూ వినేది.

“నాకెందుకు బాబూ కొత్తది?” అన్నారాయన. “దీంతో సరిపోతోంది.”

“అలా అనే అందరూ వెనకబడిపోయారు మాస్టారూ. నేనున్నాను కదా, మీరు చూస్తూ కూర్చోండి.”

పెద్దాయన మొహమాటస్తుడు. కాదనలేకపోయారు.

టైపిస్టు చేత కొత్త సిస్టమ్ ఉన్న పెన్‌డ్రైవ్ తెప్పించుకుని మా బావ పక్కింటికి వెళ్లాడు. జీవితంలో మొదటిసారి ఒక కంప్యూటర్‌కు సిస్టమ్ ఎక్కించడానికి! ఉన్నవాటిని ఉంచమంటావా, అంతా తుడిచేయమంటావా అని తెర అడిగింది. చదివి అర్థం చేసుకునే ఓపిక ఆయనకు ఎక్కడిది? శుభ్రంగా ఉంటే వేగంగా ఉంటుందని తుడిచేయమన్నాడు.

“నా బాణీలు బాబూ?” అని మాస్టారు అడిగారట.

“లోపలే ఉంటాయి, ఎక్కడికి పోతాయి?”

కొత్త తెర వచ్చింది. బాణీలు లేవు. ఎక్కడున్నాయని మాస్టారు మెల్లిగా అడిగితే, “కొంచెం టైము పడుతుంది, వాటంతటవే వస్తాయి,” అన్నాడు మా బావ. అప్పటికే ఆయనకు విషయం అర్థమై ఉండాలి. అప్పుడైనా లేచి వచ్చేస్తే సగం పాపం తప్పేది. కానీ తెర బోసిగా ఉందని, మాస్టారికి ఊసుపోక కోసమని, తన దగ్గరున్న సినిమాలన్నీ దానిలోకి ఎక్కించి మరీ వచ్చాడు. ఆ తర్వాత కిటికీ తలుపులు వేసుకుని, తేలు కుట్టిన దొంగలా ఇంట్లోనే తిరిగాడు. ఆఫీసుకు వెళ్లేటప్పుడు పెరటి దారిన వెళ్లాడు. అక్కకు ఒక్క ముక్క చెప్పలేదు.

కొన్నాళ్లకు మాస్టారే వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. నేను అప్పుడు అక్కడే ఉన్నాను. ఆయన మాటలో కోపం లేదు, అసలు అనుమానమే లేదు.

“అమ్మాయ్, మీ ఆయన కంప్యూటర్ కొత్తగా చేసిపెట్టారు. నా బాణీలు వాటంతటవే వస్తాయన్నారు. ఇంకా రాలేదు. ఇంకెన్నాళ్లు పడుతుందంటావు?”

అక్క చేతిలోని కత్తెర కింద పెట్టింది. ఆయనతోపాటు పక్కింటికి వెళ్లింది. నేనూ వెనకాలే వెళ్లాను. కంప్యూటర్ ముందు కూర్చుని అన్నీ వెతికింది. సినిమాలు తప్ప ఏమీ లేవు.

“మాస్టారూ,” అంది చివరికి, “మా ఇంట్లో ఎక్కించింది ఆయన కాదు, నేను. ఆయనకి ఈ పని రాదు. ఆయన అందరి ముందూ తనే చేశానంటే నేను నోరు మూసుకున్నాను. అప్పుడే చెప్పుంటే మీరు ఆయన్ని ముట్టుకోనిచ్చేవారు కాదు.”

మాస్టారు కుర్చీ చేతులు పట్టుకుని మెల్లిగా కూర్చున్నారు. “అయితే రావన్నమాట,” అన్నారు.

అక్క ఆ కంప్యూటరును ఆటోలో వేసుకుని, పోయిన ఫైళ్లు వెనక్కి తీసే దుకాణానికి పట్టుకెళ్లింది. దుకాణం అతను డిస్కు పరీక్షించి పెదవి విరిచాడు. తుడిచేసి ఊరుకున్నా చాలావరకు దొరికేవట. దానిమీద ఇన్ని సినిమాలు ఎక్కించడంతో కిందివి నలిగిపోయాయట. కొన్ని ముక్కలు దొరికాయి. ఒక బాణీకి మొదలుంటే చివర లేదు. స్నేహితుడిమీద రాసినది మాత్రం మొత్తం దక్కింది. భార్యమీద రాసినదాంట్లో నడిమి భాగమే మిగిలింది.

ఇంటికొచ్చాక అక్క బావ ఎదుట నిలబడింది. గొంతు పెంచలేదు.

“ఆయన కాళ్లు పట్టుకుంటారో, ఏం చేస్తారో నాకు తెలియదు. వెళ్లి తప్పైపోయిందని చెప్పండి.”

“నాకేం తెలుసు ఆయన కాపీ తీసుకోలేదని?” అన్నాడు బావ. “పెద్దమనిషన్నాక తన వస్తువులు తను చూసుకోవద్దూ? తెరమీద ఆ ప్రశ్న అడిగిన తీరు కూడా అలా ఉంది మరి, ఎవరైనా తికమకపడతారు.”

నేను మా బావను ఎన్నో విధాల తక్కువ చేసి మాట్లాడాను, ఇన్నేళ్లూ. కానీ ఆరోజుదాకా ఆయన్ని పనికిమాలినవాడనే అనుకున్నాను. పనికిమాలినతనానికి కింద ఇంకో మెట్టుందని అప్పుడు తెలిసింది. ఆయన దానిమీద కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు.

ఆయన వెళ్లలేదు. అక్క వీధి చివర ఒక గది తీసుకుని, కంప్యూటరూ మిషనూ అక్కడికి మార్చేసింది. కండెలు మోసింది నేను. బావ సోఫాలోంచి, “మంచి ఆలోచనే, నేనూ అదే అనుకుంటున్నాను,” అన్నాడు. అక్క ఆయనకు ఇప్పటికీ అన్నం పెడుతుంది, చొక్కాలు ఇస్త్రీకి వేస్తుంది. సలహా మాత్రం అడగదు. ఆయన మాట్లాడుతుంటే కుళాయి కారుతున్నా పట్టించుకోని మనిషిలా తన పని తను చేసుకుపోతుంది.

పక్కింట్లో చాలారోజులు నిశ్శబ్దంగా ఉంది. తర్వాత ఒక పొద్దున క్లారినెట్టు వినిపించింది. మాస్టారు ఊపిరి చాలక మధ్యమధ్య ఆగుతూ, పోయిన భాగాలను గుర్తుచేసుకుంటూ వాయిస్తున్నారు. ఒకచోటికి వచ్చేసరికి తప్పిపోయి, మొదటికి వెళ్లి, మళ్లీ అక్కడే తప్పిపోతున్నారు. నేను టిఫిన్‌కు వచ్చి ఉన్నాను. అక్క చట్నీ గిన్నె పట్టుకుని అలాగే ఆగిపోయింది.

బావ చెవి రిక్కించి విన్నాడు. ఆయన ముఖం వెలిగింది.

“చూశారా? మూలన పడేసిన క్లారినెట్టు మళ్లీ పట్టుకున్నాడు. ఒకరకంగా నావల్లే కదా, ముసలాయనకి మళ్లీ హుషారొచ్చింది!”

అక్క గిన్నె బల్లమీద పెట్టింది.

“ఈ మాట ఆయన దగ్గరికెళ్లి అనండి,” అంది.

బావ కిటికీవైపు చూశాడు, గుమ్మంవైపు చూశాడు, నావైపు కూడా చూశాడు. నేను తింటూ ఉన్నాను.

“మోకాళ్లు పట్టేశాయి ఇవాళ,” అన్నాడు.